స్లాంట్ రేజర్‌తో గడ్డం గీసుకోవడం ఎలా: బోరు నీళ్ల ఊళ్లలో ఉండేవాళ్లకు

మంగళవారం కటింగ్ షాపులు బంద్. శుక్రవారం గడ్డం గీసుకుంటానంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. కొన్ని ఇళ్లల్లో శనివారం కూడా అంతే. ఇలా ఒక్కో రోజు వదిలేస్తూ పోతే నల్లగొండలో గానీ పాలమూరులో గానీ చాలామంది గడ్డం గీసుకునేది వారానికి రెండుసార్లే. బుధవారమో గురువారమో ఒకసారి, ఆదివారం ఒకసారి. రేజర్ చేతిలోకి తీసుకునే సమయానికి ముఖం మీద మూడు నాలుగు రోజుల గడ్డం ఉంటుంది. ముతక వెంట్రుక ఉన్నవాళ్లకు మామూలు రేజర్ ఆ గడ్డంలో పీకుతుంది. మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి అయితే వెంట్రుకలు ఇరుక్కుని కాసేపట్లోనే మూసుకుపోతుంది. తల ఒక పక్కకు వాలి ఉండే స్లాంట్ రేజర్ అసలు సత్తా తెలిసేది ఇలాంటి గడ్డం మీదే.

ఇప్పటికే మామూలు సేఫ్టీ రేజర్ వాడుతూ, స్లాంట్ కొన్నవాళ్ల కోసం, కొనాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండంచుల బ్లేడు వేసే రేజర్ ఇంతవరకూ పట్టుకోనివాళ్లు ముందు ఒక నెల మామూలు దానితో చేయి కుదుర్చుకోండి. స్లాంట్ దగ్గరికి ఆ తర్వాత రండి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. స్లాంట్ లాభమంతా నొక్కని చేతికే దక్కుతుంది. కింద నీళ్ల గురించి, నురగ గురించి, కోణం గురించి ఎంత చెప్పినా, అదంతా నొక్కాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడానికే.

అది ఎలా కోస్తుంది

మామూలు రేజర్‌లో బ్లేడు అంచు మీరు లాగే దిశకు సరిగ్గా అడ్డంగా ఉంటుంది. వెంట్రుకకు ఎదురుగా వెళ్లి నరుకుతుంది. స్లాంట్‌లో తల ఒక పక్కకు వాలి ఉంటుంది కాబట్టి అంచు ఏటవాలుగా తగులుతుంది. వరి కోసేటప్పుడు కొడవలిని కర్రకు ఎదురుగా కొట్టం, ఏటవాలుగా ఆనించి లాగుతాం, కర్ర ఇట్టే తెగుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. అంచు వెంట్రుక మీద జారుతూ కోస్తుంది కాబట్టి తక్కువ బలానికే తెగుతుంది.

స్లాంట్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో బ్లేడు చదునుగానే ఉండి, మొత్తం తలే ఒక వైపు వాలి ఉంటుంది. రెండో రకంలో పై మూతకూ కింది ప్లేటుకూ మధ్య బ్లేడు మెలి తిరుగుతుంది. మన బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, వెడల్పు 22 మిల్లీమీటర్లు. అంత పలచటి రేకు చదునుగా ఉంటే ముతక వెంట్రుక తగిలినప్పుడు కొద్దిగా వణుకుతుంది. మెలి పెట్టి బిగిస్తే బిర్రుగా నిలబడుతుంది. జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యే మెర్కూర్ 37సీ, దానికే పొడుగు పిడి ఉన్న 39సీ ఈ రెండో రకానివే. చాలామంది మొదట కొనేదీ వాటినే. పార్కర్ సెమీ స్లాంట్‌లో వాలు తక్కువ, భయపడేవాళ్లకు అది నయం. ఫాటిప్ వాళ్ల స్లాంట్, యాకీ స్లాంట్ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన జిల్లాల షాపుల్లో మామూలు రేజర్లే ఉంటాయి కాబట్టి స్లాంట్ కావాలంటే తెప్పించుకోవాల్సిందే.

మెలి తిరిగిన రకం మొదటిసారి విప్పి చూస్తే వంకరగా వచ్చిందేమో, డిఫెక్ట్ పీసు అంటగట్టారేమో అనిపిస్తుంది. అది అలాగే ఉండాలి. దాన్ని సరిచేయాలని చూడకండి.

బ్లేడు

కొత్తలో అతి పదునైన బ్లేడు వద్దు. జపాన్ ఫెదర్ గురించి గొప్పగా విని, స్లాంట్‌తో పాటే దాన్నీ తెప్పించుకుంటారు. రెండూ ఒకేసారి కొత్తవైతే ముఖం మంటెక్కినప్పుడు తప్పు బ్లేడుదో రేజర్‌దో తేలదు. ఇప్పటిదాకా మీ మామూలు రేజర్‌లో ఏ బ్లేడు వాడుతున్నారో దాన్నే స్లాంట్‌లో వేయండి. సెవెన్ ఓ క్లాక్, విల్కిన్సన్, సూపర్‌మాక్స్, టోపాజ్, ఏదైనా సరే. రేజర్ ఒక్కటే మారితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్లాంట్‌కు మధ్యరకం పదునే చాలు, తక్కిన పని వాలు చేస్తుంది.

ఒక్కో బ్లేడు మూడు నుంచి ఐదు షేవింగుల దాకా వస్తుంది. లెక్క కన్నా మీ చెంపనే నమ్మండి. నున్నగా పోతున్న చోట ఎక్కడైనా పట్టుకున్నట్టు, లాగినట్టు అనిపించిందా, ఆ బ్లేడు పని అయిపోయినట్టే. ఇంకొక్కసారి వాడదాం అనుకుంటే ఆ లోటు పూడ్చడానికి మీకు తెలియకుండానే చేయి నొక్కుతుంది.

నీళ్లు: సగం పని ఇక్కడే

షేవింగ్ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది ఉండేది నీళ్లు బాగున్న ఊళ్లలో. మన బోరు నీళ్ల సంగతి వాళ్లకు పట్టదు. అందుకే ఈ ముక్క కాస్త వివరంగా చెబుతాను.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుందా? బకెట్ అంచుకు, హీటర్ కాయిల్‌కు తెల్లటి పొర కడుతుందా? ఒంటికి సబ్బు రుద్దితే నురగ రాకుండా జిడ్డులా మిగులుతుందా? అయితే అవి ఉప్పు నీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టుగా మారతాయి. మీరు వేసిన సబ్బులో కొంత భాగం నురగ కావడానికి బదులు ఆ తెట్టులోకే పోతుంది. మిగిలిన నురగ చూడ్డానికి తెల్లగా, పొంగుగా ఉన్నా అందులో జారుడు ఉండదు. జారుడు లేని చోట రేజర్ ఆగుతుంది, ఆగిన చోట చేయి నొక్కుతుంది, నొక్కితే స్లాంట్ చర్మాన్ని కూడా తీసుకుపోతుంది. ‘స్లాంట్ నాకు పడలేదు’ అని పక్కన పెట్టినవాళ్లను కదిపితే చాలాసార్లు కథ ఇక్కడే మొదలవుతుంది.

నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి ఒక అనుమానం ముందే తీర్చుకుందాం. నురగను పాడుచేసేది ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరులో నురగ బాగానే రావచ్చు, ఫ్లోరైడ్ లేని బోరులో అసలే రాకపోవచ్చు. అలాగే పటిక వేసి తేర్చిన నీళ్లు మంచివనుకుంటారు. పటికతో మట్టి అడుగుకు చేరుతుంది, ఉప్పు పోదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. అది తాగే నీళ్ల కోసం. షేవింగ్ నురగకు దానితో ఒరిగేదేమీ లేదు.

మరి ఏం చేయాలి? షేవింగ్‌కు కావాల్సింది చెంబెడు నీళ్లే. మిషన్ భగీరథ నల్లాలో కృష్ణా నీళ్లు వస్తుంటే వాటినే పట్టి పెట్టుకోండి, బోరు నీళ్ల కన్నా ఎన్నో రెట్లు నయం. అవి రాని చోట తాగడానికి తెచ్చుకునే 20 లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాన్ లోంచి ఒక గ్లాసు తీసుకుని కొద్దిగా వేడి చేయండి. అందులోనే బ్రష్ నానబెట్టండి, దానితోనే నురగ చేయండి, రేజర్‌ను కూడా దానిలోనే ముంచి ఆడించండి. ముందూ వెనకా ముఖం కడుక్కోవడానికి మాత్రం బోరు నీళ్లు వాడుకోవచ్చు. అదీ కుదరదంటే బోరు నీళ్లనే బాగా మరగకాచి, చల్లార్చి, అడుగున పేరిన తెల్లటి పొడి కదలకుండా పై తేట వంచుకోండి. కాచితే పోయే ఉప్పు కొంత అక్కడ దిగిపోతుంది, మొత్తం పోదు. వానాకాలంలో పట్టుకున్న వాన నీళ్లకు సాటి మాత్రం ఏదీ లేదు. ఒక్కసారి వాటితో నురగ చేసి చూస్తే ఇంతకాలం మీ క్రీములో లోపమేమీ లేదని తెలుస్తుంది.

నురగ

ముందు గోరువెచ్చటి నీళ్లతో ముఖం కడుక్కుని రెండు మూడు నిమిషాలు తడిగా ఉంచండి. స్నానం చేసి వచ్చాక మొదలుపెడితే ఇంకా మంచిది. తడి పీల్చుకున్న వెంట్రుక మెత్తబడుతుంది. ఈ నిమిషాలను మాత్రం తగ్గించుకోవద్దు.

బ్రష్‌ను నీళ్లలోంచి తీసి, గట్టిగా విదిలించి, బాదం గింజంత క్రీము తీసుకోండి. నీళ్లు ఉప్పగా ఉంటే దానికి రెట్టింపు. చిన్న స్టీలు గిన్నెలోనో నేరుగా చెంప మీదో గుండ్రంగా తిప్పండి. మొదట ముద్దలా ఉంటుంది. వేలి కొసలతో నాలుగైదు చుక్కల నీళ్లు చల్లి మళ్లీ తిప్పండి. మళ్లీ చల్లండి. చాలామంది నురగ పొంగగానే ఆపేస్తారు, ఇంకొంచెం నీళ్లు పడతాయి. అయిందో లేదో చూడాలంటే కొద్దిగా నురగ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని రుద్దండి. వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలవకుండా జారిపోవాలి. పైకి పెరుగు మీగడ మెరుపు కనిపించాలి. బుడగలు కనిపిస్తే నీళ్లు ఎక్కువైనట్టు, ఇంకొంచెం క్రీము కలపండి. పొడిపొడిగా, సున్నంలా అంటుకుంటే నీళ్లు చాలలేదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు 43, 44 డిగ్రీలు కొట్టే రోజుల్లో, ఫ్యాను గాలికి నురగ చెంప మీదే ఆరిపోతుంది. ఫ్యాను ఆపండి. ముఖమంతా ఒకేసారి పూసుకోకుండా ఒక పక్క పూసి, గీసి, తర్వాత రెండో పక్కకు వెళ్లండి. ఫ్యాను ఆపడంలో ఇంకో లాభం ఉంది, కింద చెబుతాను.

గడ్డం ఎటు మొలుస్తుందో చూసుకోండి

ఇది గీసుకునే రోజు చేసే పని కాదు, ముందు రోజు చేయాలి. రెండు రోజుల గడ్డం మీద అరచేతిని నాలుగు దిక్కులా నిమరండి. నున్నగా పోయిన వైపు సీదా, గరుకుగా తగిలిన వైపు ఉల్టా. కటింగ్ షాపులో కూడా ఈ మాటలే అంటారు. చెంపల మీద చాలామందికి పైనుంచి కిందికే ఉంటుంది. మెడ మీద మాత్రం ఎవరిది వాళ్లదే. ఒక పక్క కిందినుంచి పైకి, ఇంకో పక్క చెవి వైపుకు, గొంతు ముడి పక్కన సుడి. చిన్న కాగితం మీద ముఖం గీసి బాణం గుర్తులు పెట్టుకోండి. చిన్నపిల్లల పనిలా అనిపించినా మెడ మీద ఎర్రటి పొక్కులు వచ్చేవాళ్లలో చాలామందికి దీనితోనే సగం బాధ తీరుతుంది. సీదా అనుకుని రోజూ ఉల్టా గీస్తుంటారు పాపం.

బ్లేడు వేయడం

పై మూతను బోర్లా పెట్టి, బ్లేడును రెండు పొట్టి చివరల దగ్గర పట్టుకుని దాని మీద కూర్చోబెట్టండి. కోసే అంచుల మీద వేళ్లు పెట్టొద్దు. కింది ప్లేటు పెట్టి పిడిని తిప్పుతున్నంతసేపు మూతనూ ప్లేటునూ ఆ పొట్టి చివరల దగ్గరే నొక్కి పట్టండి. మెలి ఉన్న స్లాంట్‌లో బ్లేడు ఒంగేటప్పుడు చిన్నగా గట్టిపడుతుంది, భయం లేదు. వేళ్లకు అందినంత బిగువు చాలు. బలంగా బిగిస్తే మర అరుగుతుంది.

బిగించాక వెలుగులో పట్టుకుని చూడండి. ఒక అంచు దగ్గర బ్లేడు ఎంత బయటికి కనిపిస్తుందో రెండో అంచు దగ్గరా అంతే కనిపించాలి. తేడా ఉంటే పిడి సగం వదులు చేసి, సర్ది, మళ్లీ బిగించండి. మామూలు రేజర్‌లో చిన్న తేడాను చర్మం ఓర్చుకుంటుంది. స్లాంట్‌లో అదే తేడా ఒక పక్క కోత, ఇంకో పక్క మిగిలిపోయిన గడ్డం.

గీయడం

పిడిని కింది కొస దగ్గర బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకోండి. పిడికిలితో కాదు. తలకు దగ్గరగా పట్టుకునే కొద్దీ నొక్కే బుద్ధి పుడుతుంది.

పిడిని చెంపకు నిటారుగా, గోడకు మేకు కొట్టిన తీరున నిలబెట్టి, పై మూత మాత్రమే చర్మానికి ఆనించండి. ఆ స్థితిలో బ్లేడు తగలదు. అక్కడి నుంచి పిడిని కొద్దికొద్దిగా కిందికి దించుతూ చిన్నగా లాగండి. ఒక చోట ‘చరచర’మని సన్నటి శబ్దం మొదలవుతుంది. అదే మీ కోణం. బ్లేడుకూ చర్మానికీ మధ్య దాదాపు 30 డిగ్రీల దగ్గర దొరుకుతుంది, రేజర్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ. ఫ్యాను ఆపితే ఇంకో లాభం ఉందన్నది ఈ శబ్దం కోసమే, నల్లా కూడా ఆపండి. శబ్దం ఆగిపోయిందంటే కోణం తప్పింది లేదా ఆ చోట గడ్డం అయిపోయింది. ఆ రెండింటిలో దేనికీ నొక్కడం మందు కాదు.

స్లాంట్‌తో చేతికి వచ్చే తికమక ఒకటుంది. తల వాలి కనిపిస్తుంది కాబట్టి మణికట్టు తనంతట తానే పిడిని వంచి ఆ వాలును సరిచేయాలని చూస్తుంది. అలా సరిచేస్తే అంచు మళ్లీ అడ్డం అయిపోతుంది, మీరు డబ్బు పెట్టింది దేనికో అదే పోతుంది. పిడిని తిన్నగా పట్టి తిన్నగా లాగండి. వాలు తలలో ఉంది, చేతిలో అక్కర్లేదు. అద్దంలో తలను కాకుండా పిడినే చూస్తూ మొదటి కొన్ని గీతలు గీస్తే చేయి త్వరగా అలవాటు పడుతుంది.

గీత పొడవు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. రెండు మూడు గీతలకోసారి గ్లాసులో ముంచి ఆడించండి, రేజర్ తిప్పి రెండో అంచు వాడండి. నాలుగు రోజుల గడ్డమైతే ప్రతి గీతకూ ముంచాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. రెండో చేత్తో చర్మాన్ని గీతకు వ్యతిరేక దిశలో కొద్దిగా బిగించి పట్టండి. నురగ తీసేసిన చోట మళ్లీ పొడిగా గీయొద్దు. ఒక్క వెంట్రుక మిగిలినా సరే, తడి చేత్తో నురగ రాసి అప్పుడే గీయాలి.

మా వీధిలో ఏళ్ల తరబడి షాపు నడిపే పెద్దాయన, ఉస్తరా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు చెప్పే మాట ఒకటే: “దాన్ని నూకకు బిడ్డా, దాని పని దాన్ని చెయ్యనియ్యి.” ఉస్తరాకు చెప్పిన ఆ మాట స్లాంట్‌కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మొదటిసారి ముఖమంతా స్లాంట్‌తో చేయకండి. రెండు చెంపలకు స్లాంట్, మెడకూ చుబుకానికీ మీ పాత రేజర్. రెండు మూడు వారాలు అలా సాగాక మెడకు రండి.

ఎన్నిసార్లు గీయాలి

మొదటి చుట్టు సీదా. మళ్లీ నురగ పెట్టి రెండో చుట్టు అడ్డంగా, చెవి నుంచి ముక్కు వైపుకో ముక్కు నుంచి చెవి వైపుకో. వాలు ఒకే పక్కకు ఉంటుంది కాబట్టి రెండు చెంపల మీదా ఈ అడ్డ గీత ఒకేలా సాగదు. కుడి చెంప మీద ఏ దిశ హాయిగా ఉందో, ఎడమ చెంప మీద దానికి వ్యతిరేక దిశ హాయిగా ఉండొచ్చు. రెండూ ప్రయత్నించి, ఏది నచ్చితే అది ఉంచుకోండి.

చాలామందికి ఇక్కడితో చాలు. మామూలు రేజర్‌తో మూడు చుట్లలో వచ్చే నునుపు స్లాంట్‌తో రెండింటిలోనే వస్తుంది, ఆ మిగిలిన మూడో చుట్టే చర్మానికి మిగిలే లాభం. ఉల్టా గీయాలని ఉంటే చెంపల మీద గీసుకోండి. మెడ మీద కొన్నాళ్లు వద్దు. రింగుల వెంట్రుక ఉన్నవాళ్లు, గీసిన చోట వెంట్రుక లోపలికే పెరిగి పొక్కు కట్టేవాళ్లు మెడ మీద ఉల్టా జోలికే వెళ్లొద్దు.

చిక్కు చోట్లు

ముక్కు కింద స్లాంట్‌తో జాగ్రత్త. రేజర్ తల వాలి ఉండటం వల్ల ఒక మూల ముందుకు వస్తుంది. మీ చూపు మూత మధ్యలో ఉంటే ఆ మూల పెదవికో ముక్కుపుటానికో తగులుతుంది. పై పెదవిని పళ్ల మీదికి బిగించి, ముక్కును కొద్దిగా పైకెత్తి, గీతను సగానికి తగ్గించండి.

మీసం ఉంచుకునేవాళ్లకు, మన వైపు ఎక్కువమంది అదే కాబట్టి, ఇంకో మాట. మీసం అంచు, సైడ్ లాక్స్ అంచు స్లాంట్‌తో సరిగ్గా తీయడం కష్టం. అంచు వాలి ఉంటే గీత కూడా వాలుగానే వస్తుంది. రెండు పక్కలా సమానంగా రావాలని కొంచెం కొంచెం తీస్తూ పోతే మీసమే సన్నబడుతుంది. ఆ రెండు గీతలకు పాత రేజర్ దగ్గర పెట్టుకోండి, పెళ్లిళ్ల రోజుల్లో అయితే షాపుకు వెళ్లండి.

దవడ ఎముక దగ్గర మీ తల పక్కకు తిప్పి, దవడ మీది చర్మాన్ని చెంప వైపు పైకి లాగితే ఎముక మీద కాకుండా చదును చోట గీసినట్టవుతుంది. గొంతు ముడి దగ్గర మింగినట్టు చేసి ఆపితే ముడి పైకి పోతుంది, లేదంటే చర్మాన్నే పక్కకు జరిపి అక్కడ గీయండి.

మొటిమలున్న చోట వదిలేయండి. షుగర్ ఉన్నవాళ్లు చిన్న గాటును కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

గీశాక

చల్లటి నీళ్లతో కడుక్కోండి. పటిక ముక్కను తడిపి ముఖమంతా మెల్లగా రుద్ది, అర నిమిషమో నిమిషమో ఉంచి కడిగేయండి. చిన్న గాట్ల రక్తం ఆగుతుంది. రక్తం ఆపుతుందని కన్నా, నిజం చెబుతుందనే నాకు పటిక ఇష్టం. చేయి ఎక్కడ నొక్కిందో సరిగ్గా అక్కడే చురుక్కుమంటుంది. ఎడమ దవడ కింద మండుతుంటే వచ్చేసారి అక్కడ చేయి వదులు చేయాలని అర్థం. ఎక్కడా మండకపోతే ఆ రోజు మీ చేతికి స్లాంట్ పట్టుబడింది. కిరాణా షాపులో పెద్ద ముక్క తెచ్చుకుని, వాడాక ఆరబెట్టండి. తడిలో ఉంచితే కరిగిపోతుంది.

తర్వాత నాలుగు చుక్కల కొబ్బరి నూనెనో, కలబంద గుజ్జునో తడి ముఖానికే రాస్తే చాలు. ఎండాకాలం చెమట పోసే వేళకు ముందు గీసుకుని బయటికి పోతే మండుతుంది. ఆ నెలల్లో రాత్రి పడుకునే ముందు గీసుకోవడం ఎంతో సుఖం.

ఫలితం బాగోలేనప్పుడు ఏది మార్చాలో గుర్తుపెట్టుకోండి. ముఖమంతా సమానంగా మంట ఉంటే నురగ చూసుకోండి, అంటే నీళ్లు. ఒక్క చోటే మంట ఉంటే ఆ చోట చేయి నొక్కి ఉంటుంది, లేదా గీసే దిశ తప్పి ఉంటుంది. సన్నటి గీతల్లా కోతలుంటే కోణం, లేదా బ్లేడు సరిగ్గా కూర్చోలేదు. పీకినట్టుంటే బ్లేడు పాతది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

రేజర్ బాగోగులు

మెర్కూర్ లాంటి వాటి తల జింకు కలిసిన పోత లోహం, పైన క్రోమ్ పూత. బాత్రూంలో షాబాద్ బండల మీద జారి పడితే మర దగ్గర పుటుక్కున విరుగుతుంది, అతికించే దారి లేదు. సబ్బు చేతులతో విప్పేటప్పుడు కింద టవల్ పరుచుకోండి.

ఉప్పు నీళ్ల తెల్ల పొర తలలో పేరుకుంటే బ్లేడు సరిగ్గా కూర్చోదు. వారానికోసారి విప్పి, పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కతో తోమండి. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో రాత్రంతా నానబెట్టొద్దు. క్రోమ్ పూతలో ఎక్కడ చిన్న పగులున్నా పులుపు లోపలికి దిగి లోహాన్ని తింటుంది. ప్రతిసారీ చివర్లో ఫిల్టర్ నీళ్లతో ఒకసారి కడిగి, విదిలించి, ఆరేలా పెడితే పొర కట్టడమే తగ్గుతుంది. బ్లేడును గుడ్డతో తుడవొద్దు.

రేజర్ ఎవరిదీ ఎవరికీ ఇవ్వకండి, అన్నదమ్ములైనా సరే. కంటికి కనిపించని రక్తపు చుక్కతో హెపటైటిస్ బీ, సీ అంటుకుంటాయి.

దీక్ష విరమించాక

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు గడ్డం పెంచినవాళ్లు, మాల తీశాక స్లాంట్‌తో ఒకేసారి తీసేద్దామనుకుంటారు. ఒకటిన్నర సెంటీమీటరు దాకా పెరిగిన గడ్డం ఏ రేజర్‌లోనైనా ఇరుక్కుంటుంది. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో వీలైనంత పొట్టిగా తీయండి. ఆ తర్వాత ఐదు నిమిషాలైనా వేడి నీళ్ల తడి, చిక్కటి నురగ, కొత్త బ్లేడు. సీదా ఒక్క చుట్టుతో ఆపేయండి. ఆరు వారాలుగా బ్లేడు తగలని చర్మం లేతగా ఉంటుంది, మిగిలిన నునుపు రెండు మూడు రోజుల తర్వాత చూసుకోవచ్చు. అక్కడక్కడ గరుకు మిగిలినా ఆ రోజుకు వదిలేయండి.

వాడిన బ్లేడు

విడి బ్లేడు చెత్తబుట్టలో వేయొద్దు. పొద్దున మున్సిపాలిటీ ఆటోలో తడి చెత్తనూ పొడి చెత్తనూ చేత్తో వేరు చేసే మనిషి వేళ్లకు అది తగులుతుంది. ఊళ్లలో అయితే పెంటకుప్ప మీద మేసే పశువుల నోటికి. పాత మిల్క్ పౌడర్ డబ్బా మూతకు బ్లేడు పట్టేంత చీలిక పెట్టి, మూత చుట్టూ గట్టి టేపు వేసేసి, ప్రతి బ్లేడూ దానిలో వేస్తూ పోండి. నిండేసరికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికకు కూడా టేపు వేసి, డబ్బా మీద ‘బ్లేడ్లు’ అని పెద్దక్షరాలతో రాసి, ఆటో మనిషి చేతికి చెప్పి ఇవ్వండి.